చిత్తూరు నాగయ్య: హీరోగా పాడిన గొంతు పెద్దాయన పాత్రలకు ఎలా చేరింది

చిత్తూరులో సభ అయినా, నాటకమైనా తరచూ వినిపించే చిరునామా నాగయ్య కళాక్షేత్రం. అక్కడికి వచ్చే కుర్రవాళ్ళలో చాలామందికి నాగయ్య అంటే పండగ రోజు టీవీలో వేసే పాత పౌరాణికంలో తెల్లగడ్డంతో కనిపించే ముసలాయన. ‘లవకుశ’లో వాల్మీకి. ఆయన ఒకప్పుడు హీరో అనీ, తెలుగు టాకీ మద్రాసులో నిలదొక్కుకుంటున్న రోజుల్లో ఆయన పాట కోసం జనం టికెట్టు కొన్నారనీ చెబితే వాళ్ళు ఒక పట్టాన నమ్మరు.

నాగయ్య గురించిన చర్చ ఎప్పుడు వచ్చినా మూడు చోట్ల గందరగోళం మొదలవుతుంది. ఆయన చిత్తూరువారా, కాదా? వందల సినిమాలు చేసిన నటుడికి హీరోగా గుర్తుండే సినిమాలు అన్ని తక్కువ ఎందుకు? అంత పెద్ద నటుడు చివరి రోజుల్లో డబ్బుకు ఇబ్బంది పడటానికి కారణం దానగుణమేనా, ఇంకేమైనా ఉందా?

సంక్షిప్తంగా: నాగయ్య పుట్టింది రేపల్లెలో, నటుడిగా తయారైంది చిత్తూరులో. 1938లో సినిమాల్లోకి వచ్చి, 1940ల్లో పాడగలిగిన హీరోగా వెలిగారు. నేపథ్య గానం స్థిరపడటం, కొత్త తరం హీరోలు రావడం, స్టూడియోల చేతికి పెట్టుబడి చేరడం అనే మూడు మార్పులు దాదాపు ఒకే కాలంలో వచ్చి ఆయన్ని క్యారెక్టర్ పాత్రల వైపు మళ్ళించాయి. సినిమాల సంఖ్య పెరిగింది ఆ తర్వాతే. ఆయన ఆర్థిక కష్టాలకు ఉదారత ఒక కారణం మాత్రమే, సొంత నిర్మాణం అంతకంటే పెద్ద కారణం.

పుట్టిన ఊరు, పేరులోని ఊరు

నాగయ్య పూర్తి పేరు ఉప్పలదడియం నాగయ్య. 1904 మార్చి 28న రేపల్లెలో పుట్టారు. ఇంగ్లిషులో రాసేటప్పుడు పేరు మధ్యలో కనిపించే ‘వి’ ఆ ఇంటిపేరుదే. కాబట్టి ‘చిత్తూరు’ ఇంటిపేరు కాదు, ఊరి పేరే. రేలంగి, గుమ్మడి వంటి నటుల విషయంలో ఇంటిపేరే వాడుక పేరైంది కనుక, చిత్తూరు కూడా అలాంటిదేనని కొందరు పొరబడుతుంటారు.

జిల్లాల లెక్క ఈ గందరగోళాన్ని ఇంకా పెంచింది. పాత పుస్తకాలు ఆయన్ని గుంటూరు జిల్లావారని రాశాయి. ఆయన పుట్టిన ఆరు నెలలకు, 1904 అక్టోబరులో గానీ గుంటూరు జిల్లా ఏర్పడలేదు. చిత్తూరు జిల్లా అయితే 1911లో వచ్చింది. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన విభజనతో రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, తిరుపతి వేరే జిల్లా అయింది. ఇవాళ్టి మ్యాపు పట్టుకుని ఆయన ఏ జిల్లావారో తేల్చాలనుకుంటే ఎవరికి వాళ్ళు ఒక జవాబు చెప్పగలరు.

ఊరి పేరు నటుడికి అంటుకోవడం ఆ కాలంలో కొత్త కాదు. పెద్ద నాటక నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో. వకీలుగా, నటుడిగా పేరు తెచ్చుకున్న బళ్ళారి ఆయన పేరులో చేరింది. సినిమా రంగంలో పాత్ర పేరే అంటుకున్నవాళ్ళూ ఉన్నారు. తమిళ నటుడు సీతారామన్‌కు ‘జావర్’ అన్న మాట ముందు చేరింది ఒక సినిమాలో వేసిన ఇన్‌స్పెక్టర్ వేషం వల్ల. ఆ సినిమాలో కథానాయకుడు నాగయ్యే. దాని సంగతి తర్వాత వస్తుంది. అప్పట్లో పేరు ముందు చేరే మాటను పెట్టేది జనం. ఎక్కడ చూసి మెచ్చుకున్నారో, ఏ వేషంలో గుర్తుపెట్టుకున్నారో ఆ మాటే నిలిచేది. ఆ లెక్కన నాగయ్యను చిత్తూరు నటుడు అనడంలో తప్పేమీ లేదు.

చిత్తూరు వేదిక ఇచ్చింది ఏమిటి

కోర్టులు, కచేరీలు ఉన్న పట్టణాల్లో వకీళ్ళు, గుమాస్తాలు, టీచర్లు కలిసి నాటక సమాజాలు నడిపిన కాలం అది. చిత్తూరులో రామవిలాస సభ అలాంటి సమాజం. నాగయ్య అక్కడ వేషాలు కట్టారు. ‘సారంగధర’ నాటకంలో చిత్రాంగి పాత్ర ఆయనకు పేరు తెచ్చింది.

ఆ పాత్ర గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. చిత్రాంగి సవతి కొడుకును మోహించిన రాణి. పైకి ఆకర్షణ, లోపల పంతం, చివరికి పగ, వీటన్నిటినీ పద్యంలోనూ చూపులోనూ పలికించాలి. మగవాళ్ళే ఆడ వేషాలు కట్టే రోజుల్లో స్థానం నరసింహారావు వంటి మహానటుడు ఆ పాత్రతో ఒక కొలమానం పెట్టారు. అలాంటి వేషం కట్టి మెప్పించాలంటే అరిచి పద్యం పాడితే చాలదు. గొంతు తగ్గించడం, మాటకు మాటకు మధ్య ఆగడం, చేతుల కదలికను అదుపులో పెట్టుకోవడం నేర్చుకోవాలి. తర్వాత రోజుల్లో నాగయ్య నటనలో అందరూ మెచ్చుకున్న నెమ్మదితనానికి మూలం బహుశా ఇక్కడే ఉంది. పోతన, వేమన, త్యాగయ్య పాత్రల్లో కనిపించే ఆ మెత్తదనం పురుష వేషాలు మాత్రమే కట్టిన నటుడికి అంత తేలిగ్గా వచ్చేది కాదు.

చిత్తూరు ఇచ్చిన రెండో మేలు భాష. వేలూరు దగ్గర, మద్రాసు సుమారు 150 కిలోమీటర్లు. సంతలోనూ బస్సులోనూ తెలుగు, తమిళం కలిసి వినిపించే ప్రాంతం ఇది. ఇవాళ్టికీ చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు ఒకే ఇంట్లో రెండు భాషలూ వినిపిస్తాయి. మద్రాసు స్టూడియోల్లో తెలుగు, తమిళ చిత్రాలు పక్కపక్కనే తయారవుతున్న రోజుల్లో రెండు భాషల్లోనూ పలకగల నటుడికి దొరికే అవకాశం మామూలుది కాదు. నాగయ్య సినిమాల జాబితా అంత పొడవు కావడంలో ఈ సరిహద్దు జిల్లా పాత్ర ఉంది.

పాడగలిగినవాడికే వేషం

తొలి తెలుగు టాకీలు నాటకాలకు కెమెరా పెట్టినట్టు ఉండేవి. షూటింగు జరుగుతుండగానే మాట, పాట రికార్డయ్యేవి. వాద్యాలవాళ్ళు కెమెరాకు కనపడకుండా కూర్చుని వాయిస్తుంటే, నటుడు మైకుకు అందేలా నిలబడి పాడాలి. పాడలేనివాడు ఎంత అందగాడైనా ప్రధాన పాత్రకు పనికిరాడు. మరోవైపు నాటకంలో చివరి వరుసకు వినపడేలా పాడి అలవాటైన గొంతు మైకు ముందు గట్టిగా, కరుకుగా వినిపించేది. సంగీత జ్ఞానం ఉండి, గొంతు తగ్గించి పాడగల నటులు తక్కువ. నాగయ్య ఆ కొద్దిమందిలో ఒకరు.

1938లో హెచ్.ఎం.రెడ్డి తీసిన ‘గృహలక్ష్మి’తో ఆయన తెరమీదికి వచ్చారు. అందులో ఆయన హీరో కాదు. కన్నాంబ వేసిన కథానాయిక పాత్రకు అన్న. మద్యపానం మానమని చెప్పే సంస్కర్త. ‘కల్లు మానండోయ్ బాబూ, కళ్ళు తెరవండోయ్’ అన్న పాటతో జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నారు. చివరి పాతికేళ్ళు క్యారెక్టర్ నటుడిగా గడిపిన నాగయ్య మొదటి సినిమాలోకి వచ్చింది కూడా సహాయ పాత్రతోనే అన్న సంగతి చాలా వ్యాసాల్లో కనపడదు.

ఆ వెంటనే బి.ఎన్.రెడ్డి వాహినీ సంస్థ మొదలుపెట్టి 1939లో ‘వందేమాతరం’ తీశారు. నాగయ్య హీరో, కాంచనమాల కథానాయిక, సంగీతమూ నాగయ్యే. చదువుకున్న కుర్రవాడికి ఉద్యోగం దొరకని బాధ ఆ కథకు పునాది. పౌరాణికాలకు అలవాటుపడిన ప్రేక్షకుడికి అది తన పక్కింటి కథలా అనిపించింది. తర్వాత వాహినీలోనే ‘సుమంగళి’, ‘దేవత’, ‘భక్త పోతన’, ‘స్వర్గసీమ’, ‘యోగి వేమన’ వరసగా వచ్చాయి. సొంతంగా ‘త్యాగయ్య’ తీశారు. 1945లో ఎం.ఎస్.సుబ్బులక్ష్మి నటించిన తమిళ ‘మీరా’లో రాణా పాత్ర వేశారు. చరిత్రలోని మనుషులను తెరమీద బతికించిన హాలీవుడ్ నటుడు పాల్ మునితో ఆయన్ని పోల్చడం అప్పుడే మొదలైంది.

ఈ వరసలో ‘సుమంగళి’ని విడిగా చూడాలి. 1940లో వచ్చిన ఆ సినిమాలో ఆయన వేసింది వీరేశలింగం పంతులు స్ఫూర్తితో రాసిన వృద్ధ సంస్కర్త పాత్ర. అప్పటికి నాగయ్య వయసు 36. ఏడాది ముందు నిరుద్యోగ యువకుడిగా కనిపించిన మనిషి, మరుసటి ఏడాదే నడుము వంగిన పంతులుగా వచ్చారు. హీరో అంటే వయసులో ఉన్నవాడే కావాలన్న నియమం అప్పటికింకా గట్టిపడలేదు. పాత్ర పెద్దదైతే చాలు, పాత్రకు వయసెంతన్నది ఎవరూ పట్టించుకోలేదు. వయసు మళ్ళాక పెద్దాయన వేషాలకు దిగారన్న మాట పూర్తిగా సరికాదనడానికి ఈ సినిమా చాలు. ఆయన మొదటి నుంచీ వేసినవే ఆ వేషాలు. తర్వాత మారింది కథలో ఆ వేషానికి ఉన్న చోటు.

గొంతు ఒకరిది, ముఖం ఒకరిది

నేపథ్య గానం రాకను సాధారణంగా గాయకుల కోణం నుంచే చెబుతారు. నటుల వైపు నుంచి చూస్తే అది పెద్ద కుదుపు. పాట వేరే వాళ్ళు పాడగలిగినప్పుడు, హీరోను ఎంచుకోవడానికి గొంతు షరతు కాదు. ముఖం, వయసు, నడక, ఒడ్డూపొడుగూ ముందుకు వచ్చాయి.

ఈ మార్పులో రెండు మెట్లు నాగయ్య సినిమాల్లోనే పడటం గమనించదగిన విషయం. 1943లో ఆయన రేణుకా ఫిలిమ్స్ పేరుతో తీసిన ‘భాగ్యలక్ష్మి’లో కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతి పాడారు. తెలుగు నేపథ్య గానానికి తొలి అడుగుల్లో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు. 1945లో ‘స్వర్గసీమ’కు నాగయ్య, ఓగిరాల రామచంద్రరావు కలిసి సంగీతం చేశారు. అందులో భానుమతితో కలిసి పాడిన కొత్త గాయకుడు ఘంటసాల. నేపథ్య గాయకుడిగా ఆయన నిలదొక్కుకోవడానికి దారి వేసిన సినిమా అది. మరి కొన్నేళ్ళకు ఘంటసాల గొంతు ఎన్.టి.రామారావుకూ, అక్కినేనికీ అతికినట్టు సరిపోయింది. హీరో పాడక్కర్లేదన్న సంగతి అక్కడితో ఖాయమైంది.

తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే మార్పు వేగం తెలుస్తుంది. వాహినీలో కె.వి.రెడ్డి దర్శకత్వంలో నాగయ్య ‘యోగి వేమన’ వేసింది 1947లో. అదే కె.వి.రెడ్డి 1951లో ‘పాతాళభైరవి’ తీశారు, హీరో ఎన్.టి.రామారావు. నాగయ్యను హీరోగా నిలబెట్టిన బి.ఎన్.రెడ్డి అదే ఏడాది ‘మల్లీశ్వరి’ తీశారు, అక్కడా హీరో రామారావే. దర్శకులు వాళ్ళే, ఊరు మద్రాసే. నాలుగేళ్ళలో కథానాయకుడు మారిపోయాడు. 1951 నాటికి నాగయ్యకు 47, రామారావుకు 28. ‘పాతాళభైరవి’లో తోటరాముడు సాహసాలు చేయాలి, ‘మల్లీశ్వరి’లో నాగరాజు ప్రేమించాలి. ఆ కథలకు నాగయ్య సరిపోరు. దర్శకులు ఆయన్ని పక్కనపెట్టారనడం కంటే, వాళ్ళు చెప్పాలనుకున్న కథలే మారిపోయాయనడం న్యాయం.

ఆ మధ్య కాలంలో నాగయ్య నటనకు గొప్ప ఉదాహరణ ఒకటి ఉంది. 1950లో ఫ్రెంచి నవల ‘లే మిజరబుల్’ ఆధారంగా కె.రామ్‌నాథ్ దర్శకత్వంలో తమిళంలో ‘ఏళై పడుం పాడు’, తెలుగులో ‘బీదలపాట్లు’ వచ్చాయి. సీతారామన్‌కు జావర్ అన్న పేరు తెచ్చింది ఆ తమిళ చిత్రమే. రొట్టె కోసం జైలుకు వెళ్ళి, మంచివాడిగా మారి, జీవితమంతా వెంటాడబడే మనిషి పాత్ర నాగయ్యది. పాట మీద ఆధారపడకుండా ఆయన ఎంత బరువైన పాత్ర మోయగలరో అందులో తెలుస్తుంది. ఆ దారిలో మరో నాలుగైదు సినిమాలు వచ్చి ఉంటే ఆయన చరిత్ర వేరుగా ఉండేదేమో.

సంఖ్య ఎందుకు పెరిగింది

తెలుగులో సుమారు 200, తమిళంలో సుమారు 160 చిత్రాలన్నది నాగయ్య గురించి తరచూ కనిపించే లెక్క. 1938 నుంచి 1973 వరకూ 35 ఏళ్ళ ప్రయాణం అనుకుంటే ఏడాదికి సగటున పది సినిమాలు. కానీ ఆయన కీర్తికి పునాది అయిన మొదటి పదేళ్ళలో గట్టిగా గుర్తుండేవి పది, పన్నెండు మాత్రమే. మిగిలిన సంఖ్య అంతా తర్వాతి పాతికేళ్ళది.

ఇందుకు కారణం కాల్షీట్ల లెక్క. హీరో ఒక చిత్రానికి నెలల తరబడి కట్టుబడి ఉండాలి. క్యారెక్టర్ నటుడి పని కొన్ని రోజులే. ఉదయం ఒక స్టూడియోలో తండ్రిగా చేసి, మధ్యాహ్నం మరో స్టూడియోలో ఋషిగా చేయవచ్చు. స్టూడియోలన్నీ కోడంబాక్కం, వడపళని చుట్టుపక్కలే ఉండటం వల్ల అది సాధ్యమైంది. పైగా ‘లవకుశ’ వంటి చిత్రాలు తెలుగు, తమిళాల్లో కలిపి తయారయ్యేవి. ఒకే కథ జాబితాలో రెండు సినిమాలుగా కనిపిస్తుంది. రెండు భాషలు తెలిసిన నటుడికి ఈ పద్ధతిలో సంఖ్య ఇంకా త్వరగా పెరుగుతుంది.

కాబట్టి మూడు వందల చిల్లర అన్న అంకె చూసి ఆయన హోదా కూడా ఆ లెక్కన పెరిగిందనుకోకూడదు. సంఖ్య పెరుగుతున్న కొద్దీ ఒక్కో సినిమాలో ఆయనకు దక్కిన చోటు తగ్గింది. కథ ఏది, పాట ఎక్కడ, ఎవరు తీయాలి అన్న నిర్ణయాల్లో ఆయన మాటకు ఉన్న బలమూ తగ్గింది. హీరోగా, సంగీత దర్శకుడిగా, నిర్మాతగా ఒకే సినిమాను మూడు వైపుల నుంచి నడిపిన మనిషి, పిలిచిన రోజు వచ్చి వేషం వేసి వెళ్ళే నటుడయ్యారు.

మంచితనం ముద్ర

క్యారెక్టర్ నటుడిని నిర్మాత ఎంచుకునేటప్పుడు ఒక సౌకర్యం చూసుకుంటాడు. తెరమీదికి రాగానే ఆ మనిషి ఎలాంటివాడో ప్రేక్షకుడికి తెలిసిపోవాలి. పోతన, వేమన, త్యాగయ్య పాత్రలతో నాగయ్య ముఖానికి సాధుత్వం అంటుకుంది. ఆయన కనిపిస్తే ఆ పాత్ర మంచిదని మళ్ళీ మాటల్లో చెప్పాల్సిన పని లేదు.

1957లో వచ్చిన ‘పాండురంగ మహాత్యం’ ఇందుకు మంచి ఉదాహరణ. రామారావు వేసిన పుండరీకుడు తల్లిదండ్రులను ఇంట్లోంచి వెళ్ళగొడతాడు. ఆ తండ్రి జహ్నువు నాగయ్య. గడప దాటుతున్నది నాగయ్య కాబట్టే ఆ తప్పు బరువు ప్రేక్షకుడి గుండెకు నేరుగా తగులుతుంది. ఆ తండ్రి ఎంత మంచివాడో చూపించడానికి వేరే సన్నివేశం అవసరం లేదు. పాత సినిమాల్లో ఆయన సంపాదించుకున్న నమ్మకాన్ని కొత్త సినిమా వాడుకుంది. 1958 నాటి తమిళ ‘సంపూర్ణ రామాయణం’లో దశరథుడిగా ఆయన్ని తీసుకోవడంలోనూ ఇదే లెక్క ఉంది. కొడుకును అడవికి పంపిన తండ్రి మీద కోపం కంటే జాలి ముందు కలగాలి.

ఇదే ముద్ర ఆయన పరిధిని కుదించింది. ఎస్.వి.రంగారావుతో పోలిస్తే తేడా తెలుస్తుంది. రంగారావు ‘వరూధిని’లో కథానాయకుడిగా వచ్చారు, అది కలిసి రాలేదు. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడితో మొదలుపెట్టి, ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి వరకూ మంచీ చెడూ, భయమూ హాస్యమూ అన్నీ చేశారు. ఆయన పేరుకే జనం వచ్చేవారు. గుమ్మడిది ఇంకో దారి. 1927లో పుట్టిన గుమ్మడి, తనకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన రామారావు కృష్ణుడైతే ‘మాయాబజార్’లో అన్న బలరాముడిగా చేశారు. మొదటి నుంచీ క్యారెక్టర్ నటుడిగానే స్థిరపడ్డారు కనుక హీరో స్థానం పోగొట్టుకున్న ఇబ్బంది ఆయనకు లేదు. ఈ ముగ్గురిలో పూర్తి స్థాయి హీరోగా దశాబ్దం వెలిగి, ఆ తర్వాత పక్క పాత్రలకు వచ్చింది నాగయ్య ఒక్కరే. పాత్రల రకరకాలలో ఆయనది వెనక వరుస అనడానికి సంకోచం అక్కర్లేదు. కానీ ఒకే రసాన్ని అంత లోతుగా పలికించినవాళ్ళు అరుదు.

డబ్బు ఎటు పోయింది

నాగయ్య ఉదారత గురించి కథలు చాలా ఉన్నాయి. అడిగినవాడికి లేదనకుండా ఇచ్చారనీ, ఇంటికి వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టారనీ, అందువల్లే చితికిపోయారనీ చెబుతారు. ఇందులో నిజం ఉంది. అయితే ఇది ఒక్కటే కారణమంటే లెక్క కుదరదు.

ఆయన నిర్మాతగా కూడా డబ్బు పెట్టారు. 1943లో ‘భాగ్యలక్ష్మి’, 1946లో ‘త్యాగయ్య’, 1953లో ‘నా ఇల్లు’, 1964లో ‘భక్త రామదాసు’ ఆయన సొంత ప్రయత్నాలు. ఆ రోజుల్లో సినిమా తీయడమంటే పంపిణీదారుల అడ్వాన్సు, వడ్డీకి తెచ్చిన అప్పు, సొంత సొమ్ము కలిపి పెట్టడం. నటుడే నిర్మాత అయితే రెండు వైపులా నష్టం. ఆ సినిమాకు పారితోషికం చేతికి రాదు, దాని మీద గడిపిన రోజుల్లో బయటి సినిమాలు వదులుకోవాలి. సినిమా ఆలస్యమైతే వడ్డీ పెరుగుతుంది. పెద్ద సంస్థలకు సొంత స్టూడియో ఉంటుంది, ఒక చిత్రం పోయినా ఇంకో చిత్రం ఆదుకుంటుంది. ఒంటరి నిర్మాతకు ఆ ఊతం లేదు.

‘త్యాగయ్య’ బాగా ఆడింది కాబట్టి ఆ దారి సురక్షితమని అనిపించడం సహజం. అయితే 1946లో నాగయ్య హీరో, పాటే ఆకర్షణ, భక్తి కథ జనానికి దగ్గర. ‘భక్త రామదాసు’ నాటికి ఆయన వయసు 60. ప్రేక్షకుడి చూపు రామారావు, నాగేశ్వరరావుల మీద ఉంది. ఏడాది ముందే ‘లవకుశ’ రంగుల్లో వచ్చింది, అది తెలుగులో తొలి పూర్తి నిడివి రంగుల చిత్రం. రామారావు, నాగేశ్వరరావు, శివాజీ గణేశన్ అభిమానంతో ‘రామదాసు’లో చిన్న పాత్రలు వేశారు. అయినా ఇరవై ఏళ్ళ నాటి పద్ధతిలో భక్తి కథ చెప్పి నిలబెట్టడం కష్టమే. ‘లవకుశ’లో వాల్మీకిగా చేసినప్పుడు ఆ సినిమా ఆడినా పోయినా ఆయన పారితోషికం ఆయనకు అందేది. రామదాసుగా చేసినప్పుడు మొత్తం భారం ఆయనదే. క్యారెక్టర్ పాత్రల్లో సంపాదించింది సొంత సినిమాల్లో కరిగిపోవడానికి ఈ తేడాయే కారణం.

1965లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆదాయం పరిస్థితిని అది మార్చలేదు. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. అప్పటి నటులకు నెలసరి జీతం గానీ, పింఛను గానీ, పాత సినిమా మళ్ళీ ఆడితే వాటా గానీ లేవన్న విషయం కూడా ఈ కథలో కలిపి చూడాలి. పని ఆగితే ఆదాయం ఆగినట్టే.

అదే భక్తుడు, వేరే కాలం

నాగయ్య వేసిన భక్తుల కథలను తెలుగు సినిమా మళ్ళీ మళ్ళీ తీసింది. త్యాగయ్య కథ 1981లో జె.వి.సోమయాజులుతో వచ్చింది. రామదాసు కథ 2006లో నాగార్జునతో ‘శ్రీరామదాసు’గా వచ్చింది. అంతకు ముందు 1997లో తిరుమల కొండ చుట్టూ నడిచే ‘అన్నమయ్య’ కూడా నాగార్జునదే. ఈ రెండిటిలో హీరో ముందు ప్రేమికుడు, తర్వాత భక్తుడు. పాట బాలసుబ్రహ్మణ్యం గొంతులో ఉంటుంది. హీరోకున్న మార్కెట్టు వల్ల భక్తి కథకు యువ ప్రేక్షకుడు దొరికాడు. నాగయ్య కాలంలో సంగీతం తెలిసిన నటుడి వెంట కథ నడిచింది. ఏది మెరుగన్న తగవు అనవసరం. కానీ కీర్తన పాడుతున్న గొంతూ, కన్నీరు కారుస్తున్న కళ్ళూ ఒకే మనిషివి అయినప్పుడు కలిగే అనుభూతి వేరు. ఆ ఒక్క విషయంలో నాగయ్య సినిమాలకు ప్రత్యామ్నాయం లేదు.

తిరుపతివాళ్ళకు ఆయనతో ఇంకో ముడి కూడా ఉంది. 1960లో వచ్చిన ‘శ్రీ వేంకటేశ్వర మహాత్యం’లో స్వామితో పాచికలాడిన బావాజీ పాత్ర నాగయ్యది. బండెడు చెరకును తెల్లవారేలోగా ఏనుగు రూపంలో స్వామి వచ్చి తిని భక్తుడిని కాపాడాడన్న కథ ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. హథీరాం అన్న పేరు ఆ ఏనుగు వల్ల వచ్చిందే. ఆ పేరుతో ఉన్న మఠం మహంతులే 1843 నుంచి 1933 వరకూ తిరుమల ఆలయ నిర్వహణ చూశారు. చిత్తూరు వేదిక మీద చిత్రాంగి వేషం కట్టిన నటుడు, కొన్ని దశాబ్దాల తర్వాత, అప్పట్లో అదే జిల్లాలో ఉన్న కొండ కథలో భక్తుడిగా కనిపించారు.

ఇప్పుడు చూసేవాళ్ళకు ఎదురయ్యే చిక్కు

నాగయ్య గురించిన అభిప్రాయం ఇకముందు ఎలా ఉంటుందన్నది ఏ సినిమాలు అందుబాటులో ఉంటాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 1930, 40ల నాటి తెలుగు చిత్రాల్లో చాలావాటి ప్రింట్లు మిగల్లేదు. మిగిలిన వాటిలోనూ శబ్దం అరిగిపోయి, మాట సరిగా వినపడదు. శబ్దం మీదే నిలబడిన నటుడికి ఇది పెద్ద నష్టం. బొమ్మ మసకబారినా ఒక అందగాడి అందం కొంత తెలుస్తుంది, గొంతు చెడిపోతే గాయకుడైన నటుడి గొప్పతనంలో సగం పోయినట్టే. మరోవైపు 1950, 60ల పౌరాణికాలు, సాంఘికాలు శుభ్రమైన ప్రింట్లతో టీవీలోనూ యూట్యూబులోనూ దొరుకుతున్నాయి. అందువల్ల హీరో నాగయ్య మరుగున పడి, తండ్రి నాగయ్యే అందరికీ కనిపిస్తున్నారు. ఆయన గురించి కొత్త తరం అంచనా తప్పుతోందంటే తప్పు వాళ్ళది కాదు.

చెన్నై పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది. చిత్తూరులో కళాక్షేత్రం ఉంది. ఆ కళాక్షేత్రంలో ఏడాదికి ఒక్కసారైనా ‘యోగి వేమన’ వేసి, మరునాడు ‘లవకుశ’ వేస్తే విడిగా చెప్పాల్సిన పని ఉండదు. మొదటిదాన్ని చూసినవాళ్ళు రెండోదాంట్లో వాల్మీకి నోరు తెరిచిన క్షణానే ఆ గొంతును గుర్తుపడతారు.